మేడ మీద తెల్లపూత, పిట్టగోడ మీద రాజకీయం

ఎండను తిప్పికొట్టి మేడను చల్లగా ఉంచుతుందంటూ కూల్‌రూఫ్ పేరుతో కంపెనీలు అమ్ముతున్న తెల్లని ఆక్రిలిక్ పూత నిజంగా పనిచేస్తుందా అని ఎండలు ముదిరిన ప్రతిసారీ తెలిసినవాళ్లు అడుగుతూ ఉంటారు. మల్కాజిగిరిలో మాది రెండంతస్తుల పాత ఇల్లు. మేము పై అంతస్తులోనే ఉంటాం కనుక వేసవిలో స్లాబు తాగిన వేడి అంతా మా నెత్తినే దిగుతుంది. పూత వేయించి ఎండలూ వానలూ రెండూ చూసిన తరువాత, మంచీ చెడూ తెలిసిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ పేరు, పని చేసిన కాంట్రాక్టరు పేరు రాయడం లేదు. ఈ రకం రంగులు చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, నేను చెప్పబోయే గుణదోషాలు దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి. అయితే మా పక్కింటి పెద్దమనిషి ప్రస్తావన లేకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ఈ పూతను కొలిచి చూసే అవకాశం ఆయన మేడ వల్లనే దొరికింది, దీని మీద మొదలైన వాదన ఆయనతోనే ఇంకా నడుస్తోంది.

ఆయన విద్యుత్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. మా ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే మేస్త్రీ ఒకే ప్లానుతో పక్కపక్కనే కట్టాడు. గోడల మందం, స్లాబు మందం, కిటికీలు ఉన్న దిక్కు, అన్నీ ఒకటే. కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీకి ఆయన ఎప్పటినుంచో వీరాభిమాని. వాతావరణ మార్పు అనే మాట వినగానే అది విదేశీ కంపెనీల దందా అంటారు. రంగు డబ్బాలు మా మేడ ఎక్కిన రోజున పిట్టగోడకు అవతల నిలబడి, "గా పాలసీ తెచ్చింది వాళ్లు, గా రంగు మీరు కొంటున్నరు, ఇగ మీరు వాళ్ల మనిషే కద సార్" అన్నారు. నేను ఎవరికి ఓటు వేస్తానో మా ఇంట్లోవాళ్లకే తెలియదు, ఆయనకు మాత్రం రంగు డబ్బా చూడగానే తెలిసిపోయింది.

ఆయన అన్న పాలసీ నిజమైనదే. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్‌రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్‌లోనే, చల్లని కప్పులుగా మార్చాలన్నది దాని లక్ష్యం. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం మారింది. విధానం తెచ్చినవాళ్లూ మా పక్కింటాయనకు నచ్చరు, తరువాత వచ్చినవాళ్లూ నచ్చరు. అందువల్ల రంగు పరిస్థితి మరీ అన్యాయమైపోయింది. ఈ విధానాన్ని అమ్మకందారు వాడుకున్న తీరు కూడా ఆయన అనుమానానికి ఊతమిచ్చింది. మా ఇంటికి వచ్చిన కుర్రవాడు, ఇక మీదట ప్రతి ఇంటికీ ఇది తప్పనిసరి అని, వేయించకపోతే ఫైన్ పడుతుందని బెదిరించినంత పని చేశాడు. నిజానికి ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు అంతకంటే పెద్ద స్థలంలో కట్టే ఇళ్లకు ఆ విధానం దీన్ని తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న ఇళ్లవాళ్లు ఇష్టముంటే వేయించుకోవచ్చు, లేకపోతే మానుకోవచ్చు. మాది 200 గజాల స్థలం.

కరపత్రం సంగతి ఇంకా విచిత్రం. దాని మీద భూగోళం బొమ్మ వేసి, ఈ రంగు భూతాపాన్ని ఆపుతుందని, ఇంట్లో పది డిగ్రీలు తగ్గుతాయని రాశారు. ఆ పది డిగ్రీలు స్లాబు పైభాగంలోనా, సీలింగు దగ్గరా, గదిలోని గాలిలోనా అన్నది ఎక్కడా లేదు. సరుకు ఎంత మంచిదైనా ఇటువంటి గొప్పలు చెబితే, నమ్మకూడదని ముందే నిశ్చయించుకున్నవాళ్లకు చేతికి కర్ర అందించినట్లే. మా పక్కింటాయన ఆ కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, ఇప్పటికీ వాదనలో అవసరమైనప్పుడల్లా దాన్ని బయటికి తీస్తారు.

ఇక పని విషయానికి వస్తే, పాత నాచునంతా ఇనుప బ్రష్షుతో గీకి, నీళ్లు కొట్టి కడిగి, పగుళ్లు పూడ్చి, ప్రైమరు వేసి ఆరనిచ్చిన తరువాత, మొదటి పూత అడ్డంగా, రెండో పూత నిలువుగా వేయాలి. పిట్టగోడ లోపలి వైపున కూడా అడుగు ఎత్తు వరకు లాగాలి. మా దగ్గర కడగడం, పూతలు వేయడం చక్కగానే చేశారు కానీ, పగుళ్లు పూడ్చే దగ్గర హడావిడి పడ్డారు. ముఖ్యంగా వాన నీళ్లు దిగే గొట్టం దగ్గర స్లాబుకు వాలు సరిగా లేదని చెప్పినా, రంగు మందంగా వేస్తే సరిపోతుందని మాట దాటేశారు. సరిపోలేదు. మొదటి వానాకాలంలోనే అక్కడ నీళ్లు నిలిచి, పూత అరచేతి వెడల్పున బుడగలా ఉబ్బి, గోరు తగిలితే పొరలా లేచి వచ్చింది. ఫోను చేస్తే, వారంటీ కాగితంలో నీళ్లు నిలిచే చోటికి పూచీ లేదని సన్నని అక్షరాల్లో ఉన్న వాక్యం చదివి వినిపించారు. చివరికి మా మేస్త్రీతోనే వాలు సరిచేయించి, మిగిలిన రంగుతో అతుకు వేయించాను.

వేసవిలో ఫలితం ఎలా ఉందో కొలిచింది ఇద్దరం కలిసే. దూరం నుంచి గురిపెడితే ఉపరితలం వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొన్నాను. కాంక్రీటూ తెల్లరంగూ వేడిని బయటికి వెలువరించే గుణంలో దాదాపు సమానం కనుక, ఆ పరికరం రెండు మేడల మీదా ఒకేలా పనిచేస్తుంది. స్టీలు ట్యాంకు మీద గురిపెడితే మాత్రం తప్పు అంకె చూపిస్తుంది. ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే, ఇంజనీరు కదా. ఏప్రిల్ మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, గాలి కూడా ఆడని పూట, ఆయన స్లాబు 59 డిగ్రీలు చూపిస్తే మా స్లాబు 42 దగ్గర ఆగింది. చెప్పులు లేకుండా ఆయన మేడ మీద నాలుగు అడుగులు వేయలేం, మా మేడ మీద వడియాలు పెట్టినంతసేపూ కూర్చోవచ్చు. కింద గదిలో సీలింగు ఆయనకు 40 ఉంటే మాకు 35 చూపించింది. ఫ్యాను తిరిగే గదిలో గాలి వేడిలో తేడా రెండు డిగ్రీలకు కొంచెం పైన. అంటే కరపత్రంలోని పది డిగ్రీలు స్లాబు పైన వెతుక్కుంటే దొరుకుతాయి, మంచం దగ్గర వెతుక్కుంటే దొరకవు. అయినా ఆ రెండు డిగ్రీలను తీసిపారేయడానికి లేదు. పగలంతా వేడెక్కిన స్లాబు రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా కిందికి వదిలే ఆవిరి మా ఇంట్లో బాగా తగ్గింది, తొమ్మిదింటికే పెట్టే ఏసీ ఇప్పుడు పదకొండు దాకా అవసరం రావడం లేదు.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. ఐఐఐటీ హైదరాబాద్ వాళ్లతో కలిసి అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల మన నగరంలోనే వాణిజ్య భవనాల మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధన ఉంది. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13 నుంచి 14 యూనిట్ల కరెంటు మిగులుతుందని, చల్లదనం కోసం అయ్యే ఖర్చులో అది 10 నుంచి 19 శాతం దాకా ఉంటుందని అందులో తేలింది. పగలంతా ఏసీ నడిచే ఆఫీసు లెక్క అది, రాత్రి మాత్రమే ఏసీ వాడే ఇంట్లో అంత ఆశించకూడదు.

అంకెలు చూశాక పక్కింటాయన వాదన మానేస్తారని అనుకునేవాళ్లకు ఆయన సంగతి తెలియదన్నమాట. థర్మామీటరును తన చేతిలోకి తీసుకుని, మూడు చోట్ల గురిపెట్టి చూసి, "నేను మొదటిసంది చెప్పేది గదే కద సార్. వేడి కాంక్రీటుది, కార్బన్‌ది కాదు. మీ రంగే రుజువు చేసింది" అన్నారు. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఇందులో సగం నిజం. చెట్లూ చెరువులూ పోయి కాంక్రీటూ తారూ పెరిగిన నగరం చుట్టుపక్కల పల్లెలకంటే, ముఖ్యంగా రాత్రిపూట, వేడిగా ఉంటుంది. ఆ స్థానికమైన వేడినే ఈ పూత తగ్గిస్తుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడు జోలికి నేరుగా పోదు. కాబట్టి భూతాపం ఉందని మా స్లాబు రుజువు చేయలేదు, లేదని కూడా చేయలేదు. అది సాక్ష్యం చెప్పగలిగింది పన్నెండు వందల చదరపు అడుగుల మేరకే.

మిగిలిన ప్రపంచం సంగతి వేరే చోట కొలిచారు. థర్మామీటర్లన్నీ నగరాల్లో ఉన్నాయి కాబట్టే లెక్క ఎక్కువ వస్తోందన్న అనుమానం పక్కింటాయనకంటే ముందు అమెరికాలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్తకు వచ్చింది. ఆయన బర్క్‌లీ ఎర్త్ పేరుతో బృందాన్ని కట్టి, నగరాలకు దూరంగా ఉన్న కేంద్రాల లెక్కలను విడిగా తీసి చూశారు. ఆ పనికి డబ్బిచ్చినవాళ్లలో చమురు, బొగ్గు వ్యాపారమున్న కోక్ కుటుంబపు ఫౌండేషన్ కూడా ఉంది. అయినా వేడెక్కుదల నిజమేనని, నగరాల ప్రభావం ప్రపంచ సగటును చెప్పుకోదగినంతగా మార్చడం లేదని ఫలితం వచ్చింది, ముల్లర్ 2012లో బహిరంగంగా తన అభిప్రాయం మార్చుకున్నారు. అంత దూరం ఎందుకంటే, మన కేంద్ర ప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన నివేదిక ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని తయారుచేశారు. 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని, అందుకు ప్రధాన కారణం గ్రీన్‌హౌస్ వాయువులని అందులో రాశారు. ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం 1951 నుంచి 2015 మధ్య సగటున ఒక డిగ్రీ వేడెక్కిందని కూడా అందులోనే ఉంది. సముద్రం మీద ఎవరూ స్లాబు పోయలేదు కదా అని అడిగాను. "గది అధికారులు రాసింది సార్, పార్టీ రాసింది కాదు" అన్నారు. ఆయన ఆ మాట తప్పించుకోవడానికే అన్నారు కానీ, ఆ నివేదికకు అంతకంటే మంచి యోగ్యతాపత్రం నేను కూడా ఇవ్వలేను.

ఆయన దగ్గర హైదరాబాద్ చరిత్ర కూడా సిద్ధంగా ఉంటుంది. 1966 జూన్ 2న బేగంపేటలో 45.5 డిగ్రీలు నమోదయింది, అప్పుడు నగరంలో ఎన్ని కార్లున్నాయని అడుగుతారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది, అప్పుడు ఏ ఫ్యాక్టరీ పొగ కారణమని అడుగుతారు. రెండూ జరిగినవే. కానీ ఒక్క రోజు రికార్డును పట్టుకుని వాతావరణం మారలేదనడం, ఒక్క ఇన్నింగ్స్‌లో కొట్టిన సెంచరీని చూసి ఆటగాడి సగటు చెప్పడం లాంటిది. రికార్డు 1966లోనే ఉండిపోయినా, దేశం మొత్తం సగటు తీస్తే 1901 తరువాత అన్నిటికంటే వేడిగా నమోదయిన ఏడాది 2024 అని భారత వాతావరణ శాఖే ప్రకటించింది. మూసీ విషయంలో, వరదలు అప్పుడూ వచ్చాయి, ఇక ముందూ వస్తాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు కనుక, కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుందన్నదే శాస్త్రజ్ఞులు చెప్పేది. 2020 అక్టోబరు వరదకు నాలాలూ చెరువులూ ఆక్రమించడం కూడా కారణమే. ఈ మాట దగ్గర మాత్రం ఇద్దరం ఒక్కటైపోయి, ఒక పావుగంట సేపు ఆక్రమణదారులను తిట్టుకున్నాం.

అసలు చిక్కు పార్టీ దగ్గర వస్తుంది. ప్రధానమంత్రి 2014లో ఉపాధ్యాయ దినోత్సవం నాడు విద్యార్థులతో మాట్లాడుతూ, వాతావరణం మారలేదు, మన అలవాట్లు మారాయి అన్న అర్థం వచ్చేలా చెప్పిన మాటను పక్కింటాయన కంఠస్థం చేశారు. అదే ప్రధానమంత్రి 2021లో గ్లాస్గో సదస్సులో 2070 నాటికి దేశం నికర సున్నా ఉద్గారాలకు, అంటే వదిలినంత కార్బన్‌ను తిరిగి పీల్చుకునే స్థితికి, చేరుతుందని ప్రపంచానికి మాట ఇచ్చారని గుర్తుచేస్తే, అది దౌత్యమని కొట్టిపారేస్తారు. తనకు నచ్చిన మాట సిద్ధాంతం, నచ్చని మాట దౌత్యం. ఇది ఆయన ఒక్కరి జబ్బు కాదు. 2016లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టవద్దని జనం గుమిగూడితే, అభివృద్ధికి అడ్డం పడుతున్నారని విసుక్కున్నవారు మా కాలనీలో ఉన్నారు. అందులో ఒకాయన, ప్రభుత్వం మారిన తరువాత 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవలో సుప్రీంకోర్టు పనులు ఆపమనే దాకా రోజూ చెట్ల ఫొటోలు పంపి అందరినీ కదిలించాడు. సరిగ్గా దీనికి తలకిందులుగా మారినవారు కూడా ఉన్నారు. చెట్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకే పని చేస్తున్నాయి.

అయినా పక్కింటాయన కోపంలో నేను కాదనలేని భాగం ఒకటి ఉంది. కరెంటు లేని ఊళ్లకు లైన్లు లాగించి, అర్ధరాత్రి ట్రాన్స్‌ఫార్మరు కాలితే లేచి పరుగెత్తిన ఉద్యోగం ఆయనది. బొగ్గు అంటే పాపమన్నట్లు ఎవరైనా మాట్లాడితే తన జీవితాన్నే తప్పుపట్టినట్లు ఆయనకు అనిపిస్తుంది. "రామగుండంల బొగ్గు మండకపోతే మీ ఏసీ తిరగదు సార్" అంటారు, అది చాలావరకు నిజం. మన దేశంలో తలసరి కార్బన్ ఉద్గారాలు ప్రపంచ సగటులో సగానికి కూడా చేరవు. నూట యాభై ఏళ్లుగా గాలిలోకి పొగ వదిలిన దేశాలు ఎక్కువ భారం మోయాలన్నది 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే ఒప్పుకున్న సూత్రం. ఎవరు ఎంత తగ్గించాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టాలి అన్న విషయంలో పార్టీలు కొట్టుకోవచ్చు, కొట్టుకోవాలి కూడా. ఆ వాదనలో నేను చాలాసార్లు ఆయన వైపే ఉంటాను. కానీ భారం మనమీద వేస్తున్నారన్న కోపంతో వేడే లేదనడం దగ్గర నేను ఆగిపోతాను. హవాయి దీవుల్లోని మౌనాలోవా పర్వతం మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల భాగాల్లో సుమారు 315 ఉన్న కార్బన్ డయాక్సైడు ఇప్పుడు 420 దాటింది. ఆ పెరుగుదల ప్రధానంగా బొగ్గు, చమురు మండించడం వల్లనే అని కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి చెబుతోంది. దాన్ని ఏ మంత్రివర్గమూ మార్చలేదు.

విచిత్రమేమిటంటే, ఈ పూత వల్ల మేలు ఏమిటో నాకంటే ఆయనే బాగా చెప్పగలరు. సాయంత్రం ఏడు దాటాక సౌర విద్యుత్తు ఆగిపోతుంది, అదే సమయానికి నగరమంతా ఏసీలు వేస్తుంది, ఆ లోడును ప్రధానంగా బొగ్గు కేంద్రాలే మోయాలి. మేడలు చల్లబడి ఆ గంటల్లో లోడు తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్లకు ఊపిరి ఆడుతుందని, ఇది తన సర్వీసులో ఎవరూ పట్టించుకోని సంగతని ఆయనే వివరించారు. అంతా చెప్పి, "అయినా గీ రంగు నేను వేయించ" అన్నారు. వేయించలేదు కూడా. అన్నమాట ప్రకారం మరుసటి ఏడాది మార్చిలో సున్నం తెప్పించి, అందులో బంక కలిపించి, మనిషిని పెట్టి మేడంతా కొట్టించారు. సున్నం మన తాతల నాటిది కాబట్టి దానికి పార్టీ లేదట. మొదటి నెలలో దాని పనితీరు మా పూతకు పెద్దగా తీసిపోలేదు. అలాంటి మధ్యాహ్నపు ఎండలోనే 45, 46 డిగ్రీలు చూపించింది. ఖర్చు మాకయినదానిలో చాలా చిన్న భాగం. అయితే జూలై వానలకు సగం కొట్టుకుపోయి గొట్టం నిండా తెల్లనీళ్లు పారాయి, నడిచినప్పుడల్లా కాళ్లకు అంటుకుని మెట్లంతా తెల్లబడింది, ప్రతి వేసవికి ముందూ మళ్లీ కొట్టించక తప్పదు.

మా పూతకూ లోపాలు లేకపోలేదు. శీతాకాలం గడిచేసరికి దుమ్ము పట్టి బూడిద రంగులోకి దిగుతుంది. దిగితే ఎండను తిప్పికొట్టే శక్తి బాగా తగ్గుతుంది కనుక ఫిబ్రవరి చివర ఒకసారి సబ్బునీళ్లతో కడగాలి. కడిగిన మరునాడు మా అంకెలు మళ్లీ మొదటి వేసవికి దగ్గరగా వచ్చాయి. పూర్తిగా మొదటిలా మాత్రం కాలేదు. మిట్టమధ్యాహ్నం మేడ మీదికి వెళితే కళ్లు చెదురుతాయి. బట్టలు ఆరేయడానికి వెళ్లేవాళ్లు ఉదయమే వెళ్లడం మంచిది. తడిసినప్పుడు జారుతుంది, పెద్దవాళ్లున్న ఇళ్లలో నడిచే దారి మేరకు ఇసుక కలిపిన పూత అడిగి వేయించుకోవాలి. మా మేడ వెలుగు తన మెట్లగదిలోకి కొడుతోందని పక్కింటాయన చేసిన ఫిర్యాదు న్యాయమైనదే. అక్కడ ఒక పాత చీర తెరగా కట్టించి సర్దుబాటు చేశాం.

పై అంతస్తులో ఉండేవాళ్లకు, రేకుల ఇళ్లవాళ్లకు ఈ పూతను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కింది అంతస్తులవాళ్లకు దీనివల్ల ఒరిగేది తక్కువ. స్లాబు కారుతున్నవాళ్లు ముందు ఆ కారుడు బాగుచేయించుకోవాలి, రంగు దాన్ని కప్పుతుందే తప్ప ఆపదు. ఎండలు ముదరకముందే, వాన సూచన లేని వారంలో పని పెట్టుకోండి. నీళ్లు దిగే గొట్టం దగ్గర వాలు మీరే ఒక బకెట్టు నీళ్లు పోసి చూసుకుని, తేడా ఉంటే సరిచేసిన తరువాతే రంగు డబ్బా తెరవనివ్వండి. వారంటీలో రంగు ఊడిపోవడానికే కాక, ఎండను తిప్పికొట్టే శాతానికి కూడా పూచీ ఇస్తారా అని అడిగి, ఇచ్చిన అంకెను బిల్లు మీద రాయించుకోండి. మా కాంట్రాక్టరు రాయనన్నాడు. ఈ మధ్య ఎదురు వీధిలో పని చేసిన ఇంకొకాయన మాత్రం అడగగానే రాసిచ్చాడు, చదరపు అడుగుకు మూడు రూపాయలు ఎక్కువ తీసుకుని.